జపాను వీడ్కోలు పాటను తెలుగు చెవితో విని నేర్చుకునే పద్ధతి

అనంతపురంలో ఫిబ్రవరి ముగిసి ఎండ ముదిరేసరికి కళాశాలల్లో వీడ్కోలు సభల సందడి మొదలవుతుంది. స్లామ్ బుక్కులు చేతులు మారతాయి, తెల్ల చొక్కాల మీద స్కెచ్ పెన్నులతో సంతకాలు పడతాయి, ఆవరణలోని వేపచెట్లు పూతకు వస్తాయి. జపానులోనూ పిల్లలు బడి విడిచి వెళ్లేది ఇంచుమించు ఆ రోజుల్లోనే. అక్కడ విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది కనుక మార్చి అంటేనే విడిపోయే నెల. ఆ నెల కోసం పుట్టిన పాటలు ఎన్ని ఉన్నాయంటే, వాటన్నిటినీ కలిపి 'సొత్సుగ్యో సొంగు' అనే ప్రత్యేకమైన పేరుతోనే పిలుస్తారు. సొత్సుగ్యో అంటే చేపట్టిన చదువును పూర్తిచేసి బయటికి నడవడం. అనిమే చూస్తూ పెరిగిన మన పిల్లలు ఈ పాటలను ఎప్పుడో వినేశారు. వీడ్కోలు సభలో పాడాలని కూడా ఉబలాటపడుతున్నారు.

నేను డిగ్రీ కళాశాలలో తెలుగు బోధిస్తాను. కొన్నేళ్ల కిందట ఐదుగురు విద్యార్థులు ఇలాంటి పాట ఒకటి సభలో పాడారు. ఇంగ్లీషు అక్షరాల్లో దొరికిన సాహిత్యాన్ని కాగితం మీద ఎక్కించుకుని, ఇంగ్లీషు అనువాదం చదివి అర్థం తెలుసుకుని, ఎంతో శ్రద్ధగా నేర్చుకున్నారు. అయినా వేదిక మీద మాటలు ఒక దారిన, వాద్యం మరో దారిన పోయాయి. ప్రతి చిన్న అచ్చునూ సాగదీయడంతో ఒక చోట మాటలు మిగిలిపోయేవి, ఇంకొక చోట పాట ఆగి వాద్యం ఒంటరిగా నడిచేది. "సార్, ట్యూన్‌కు మాటలు చాలడం లేదు" అని వారిలో ఒక అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ రాత్రి ఆ పాటను జపాను అక్షరమాల దగ్గర పెట్టుకుని విన్నప్పుడు, లోపం పిల్లల గొంతులో లేదనీ, వారు ఎంచుకున్న దారిలోనే ఉందనీ నాకు అర్థమైంది. జపాను పాట దగ్గరికి ఇంగ్లీషు మీదుగా వెళ్లకూడదు. తెలుగులోంచి నేరుగా వెళ్లాలి. అలా వెళ్లే పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

పాటను ఎంచుకోవడం

తొందరపడి మొదట దొరికిన పాటను పట్టుకోకండి. ఎవరు ఎవరికి వీడ్కోలు చెబుతున్నారో ముందు తేల్చుకోండి, ఎందుకంటే జపాను పాటల్లో ఈ తేడా చాలా స్పష్టంగా ఉంటుంది.

గురువులకు పాడదలచుకున్నవారు పాత పాటల దగ్గరికి వెళ్లాలి. 'అఒగెబ తోతొశి' 1884లో పాఠశాలల పాటల పుస్తకంలో అచ్చయింది. గురువు చేసిన ఉపకారాన్ని తలచుకునే పాట అది. అందులోని 'ఒన్' అనే మాటకు మనం గురుఋణం అన్నప్పుడు ఋణం అనే మాటకుండే బరువే ఉంది. దాని వరుస ఎక్కడిదో చాలా కాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1871లో అమెరికాలో అచ్చయిన ఒక బడి పాట దానికి మూలమని సకురఇ మసతొ అనే ఆచార్యుడు 2011లో కనిపెట్టారు. అంతకంటే మూడేళ్లు పాతదైన 'హొతరు నొ హికరి' 1881 నాటిది. స్కాట్లండు జానపద వరుస మీద జపాను మాటలు కూర్చిన పాట. మొదటిసారి నేర్చుకునేవారికి నేను సిఫారసు చేసేది దీన్నే. కారణాలు కిందికి వచ్చేకొద్దీ తెలుస్తాయి.

స్నేహితుల కోసమైతే 1970ల పాటలకు సాటి లేదని నా అభిప్రాయం. అప్పట్లో అరై యుమి అనే పేరుతో పాడిన మత్సుతోయ యుమి రాసిన 'సొత్సుగ్యో శశిన్' 1975లో విడుదలైంది. శశిన్ అంటే ఛాయాచిత్రం. చదువు ముగిసి కొంత కాలం గడిచాక ఒకరు పాత ఫోటో ఆల్బమ్ తెరిచి చూసుకుంటారు. ఫోటోలోని మనిషి అప్పటిలాగే ఉన్నారు, తాను మాత్రం నగరపు జనప్రవాహంలో పడి మారిపోయింది. నేను దారి తప్పితే దూరం నుంచే మందలించు అని ఆ మనిషిని అడుగుతుంది. విడిపోయే రోజు గురించి కాక, విడిపోయిన చాలా కాలానికి కలిగే బాధ గురించిన పాట కనుక దీన్ని పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో పాడితే బాగా నప్పుతుంది. ఇరవై ఏళ్ల పిల్లలకు అది అప్పుడే పూర్తిగా అందకపోవచ్చు.

'నగొరియుకి' రైలు ప్లాట్‌ఫారం మీది పాట. ఇసె శోజో రాసినది. ఇరుక అనే గాయని 1975లో పాడిన తర్వాత దేశమంతా తెలిసింది. తోక్యో వదిలి సొంతూరికి వెళ్లిపోతున్న అమ్మాయి పక్కన అబ్బాయి నిలబడి ఉన్నాడు, వసంతం వచ్చేశాక కూడా మంచు కురుస్తోంది. నగొరి అంటే పోగా మిగిలిన జాడ, విడిచిపెట్టలేని మనసు అని రెండర్థాలూ వస్తాయి. మన సీమలో మంచు లేదు. కానీ వాన వెలిసిన తర్వాత చూరు నుంచి ఇంకా రాలుతూ ఉండే చుక్కలను తలచుకుంటే ఆ మాట తడి తెలుస్తుంది. కొడుకునో కూతురినో బెంగళూరు రైలు ఎక్కించడానికి అనంతపురం స్టేషనుకో గుంతకల్లు జంక్షనుకో వెళ్లి వచ్చినవారికి ఇక వేరే వివరణ అక్కరలేదు.

అదే సంవత్సరం చివర్లో ఓత హిరొమి పాడిన 'మొమెన్ నొ హన్‌కచీఫు' వచ్చింది. అబ్బాయి రైలెక్కి నగరానికి వెళ్తాడు. ప్రతి చరణంలోనూ సగం అతని మాట, సగం ఆమె జవాబు. నగరం నుంచి అతడు ఏవేవో కానుకలు పంపుతానంటే ఆమె వద్దంటూ వస్తుంది, చివరికి ఒకే ఒకటి అడుగుతుంది: కన్నీళ్లు తుడుచుకోవడానికి నూలు చేతిగుడ్డ. వరుస మాత్రం గంతులు వేసేటంత హుషారుగా ఉంటుంది. దుఃఖాన్ని నెమ్మదైన రాగంలోనే చెప్పాలనుకునే మన అలవాటుకు ఇది మంచి చికిత్స. యువతీ యువకులు జంటగా పాడడానికి ఇంతకంటే అనువైనది నాకు కనిపించలేదు.

1980ల పాటల్లో ఒక జాగ్రత్త అవసరం. 1985లో 'సొత్సుగ్యో' అనే ఒకే పేరుతో నలుగురు గాయకుల పాటలు వచ్చాయి. వాటిలో సైతో యుకి పాడినది, వీడ్కోలు సభలో ఏడవని అమ్మాయి మనసు. అందరూ తనను కఠినురాలంటారని ఆమెకు తెలుసు, కానీ ఇంతకంటే పెద్ద దుఃఖం కోసం కన్నీళ్లు దాచుకుంటుంది. చేతిగుడ్డ పాటను కూర్చిన మత్సుమొతొ తకశి, త్సుత్సుమి క్యోహే జంటే దీన్నీ కూర్చారు. ఒజకి యుతక పాడిన 'సొత్సుగ్యో' దీనికి పూర్తిగా భిన్నమైనది; పిల్లలను కట్టడి చేసే బడి మీద తిరుగుబాటు అది, రాత్రివేళ బడి కిటికీల అద్దాలు పగలగొట్టిన ప్రస్తావన ఉన్న పాట. గొప్ప పాటే కానీ, ముందు వరుసలో అధ్యాపకులు కూర్చున్న సభకు తగదు. పేరు చూసి పొరపాటున దీన్ని ఎంచుకున్నవారిని నేను చూశాను.

బృందగానానికి 'తబిదచి నొ హి ని' తలమానికం. 1991లో సైతమ ప్రాంతంలోని చిచిబు పట్టణంలో కగెమొరి మాధ్యమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కొజిమ నొబొరు మాటలు రాశారు, సంగీతం టీచరు సకమొతొ హిరొమి వరుస కట్టారు. వెళ్లిపోతున్న పిల్లలకు తెలియకుండా ఉపాధ్యాయులే నేర్చుకుని పాడిన కానుక అది. తర్వాత ఒక బడి నుంచి మరో బడికి పాకి దేశమంతటా పాత పాటల స్థానంలోకి వచ్చింది. పదో తరగతి పిల్లలకైతే 2008లో ఆంజెల అకి పాడిన 'తెగమి' ఉంది. పదిహేనేళ్ల వయసులో తన భవిష్యత్తుకు ఉత్తరం రాసుకోవడం, పెద్దయిన తానే దానికి జవాబివ్వడం అందులోని సంగతి. జాతీయ పాఠశాలల సంగీత పోటీలో మాధ్యమిక బడుల పిల్లల కోసం దాన్ని తయారు చేశారు. మన పదో తరగతి పిల్లల వయసూ పదిహేనే.

పాట పుట్టుకకూ వాడుకకూ తేడా ఉంటే కంగారు పడకండి. 'ఒకురు కొతొబ' 1979లో ఉపాధ్యాయుడి కథతో వచ్చిన టీవీ ధారావాహిక శీర్షిక గీతం కావడం వల్ల బడి పాటగా స్థిరపడింది, కానీ దాని మాటలు ప్రేమలో విడిపోతున్నవాడివి. ఒకురు అనే ధ్వనికి కానుక ఇవ్వడమనీ, సాగనంపడమనీ రెండర్థాలున్నాయి. శీర్షికలో రాసిన లిపి మొదటి అర్థానిది, చెవికి రెండూ వినబడతాయి. రెమిఒరొమెన్ బృందం 2004లో విడుదల చేసిన 'సన్‌గత్సు కొకొనొక', అంటే మార్చి తొమ్మిదో తేదీ, స్నేహితుడి పెళ్లి కోసం రాసినది. ఇప్పుడది వీడ్కోలు పాట.

అక్షరాలు, మాత్రలు

ఇక అసలు పని. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న సాహిత్యాన్ని పక్కన పెట్టి, పాటను తెలుగు లిపిలో రాసుకోండి. ఇది సౌకర్యం కోసం చెబుతున్న మాట కాదు. జపాను భాషకు మన లిపి ఇంగ్లీషు కంటే ఎంతో మెరుగ్గా సరిపోతుంది. ఎ-ఏ, ఒ-ఓ తేడాను మన లిపి చూపిస్తుంది, జపాను భాషకు కావలసిందీ సరిగ్గా ఆ తేడాయే. మనం అలవాటుగా 'సాకురా', 'సయొనారా' అంటాం. అసలు మాటలు 'సకుర', 'సయోనర'. సకురలో మూడూ హ్రస్వాలే. నా విద్యార్థుల పాట వాద్యంతో కలవకపోవడానికి సగం కారణం ఇలా వచ్చి చేరిన దీర్ఘాలే.

ఉచ్చారణలోనూ తెలుగువారికి పుట్టుకతోనే వచ్చిన సౌలభ్యం ఉంది. చిలక అన్నప్పటి చి, చుక్క అన్నప్పటి చు ఒకే అక్షరంతో రాస్తాం కానీ ఒకే చోట పలకం. రెండోది దంతాల దగ్గర పలుకుతుంది. జపాను భాషలోనూ ఇదే తీరు. 'తొమొదచి' లోని చి మన చిలకలోనిది, 'త్సు' అని నేను ఇక్కడ రాస్తున్నది చుక్కలోని చు. అలాగే 'కజె' అనే మాటలోని జెను జున్నులోని జకారానికి దగ్గరగా పలికితే సరిపోతుంది. గాలి అని దాని అర్థం; ఈ పాటల్లో అది తరచుగా వస్తుంది. త, ద అక్షరాలు రెండు భాషల్లోనూ దంత్యాలే కనుక కన్నీరు అనే అర్థమున్న 'నమిద' ను రాసినట్టే పలకండి. ఇంగ్లీషు లిపిలో చదివినవారు అక్కడ ట, డ పలుకుతారు. ఆ భాషలో ఆ ధ్వనులు లేవు, వినగానే పరాయితనం తెలిసిపోతుంది.

తర్వాత మాత్రలు లెక్కించండి. జపాను పాటకు కొలత మాత్రే. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు, ద్విత్వం వస్తే ఒకటి ఎక్కువ, పదం మధ్యలో నిలిచే న్ కు ఒకటి. ఛందస్సు చదువుకున్నవారికి ఇది వెంటనే స్ఫురిస్తుంది: గురులఘువుల లెక్క దాదాపు ఉన్నదున్నట్టుగా సరిపోతుంది. సెన్‌సే, అంటే గురువు, మన లెక్కలో రెండు గురువులు, నాలుగు మాత్రలు. వారి లెక్కలోనూ నాలుగే. ఇత్తె అంటే మన లెక్కలో గురువు, లఘువు కలిసి మూడు, వారికీ మూడే. ఒక్క చోట మాత్రం జాగ్రత్త పడాలి. సొత్సుగ్యోలో త్సు, గ్యో మన కంటికి సంయుక్తాక్షరాలుగా కనిపిస్తాయి కనుక వాటి ముందున్న అక్షరాలను గురువులుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. అవి ఒక్కొక్కటీ ఒకే హల్లు అనుకోండి. అప్పుడు సొ ఒకటి, త్సు ఒకటి, గ్యో రెండు, మొత్తం నాలుగు అవుతుంది.

ఈ పాటల్లో చాలా చోట్ల ఒక్కో మాత్రకు ఒక్కో స్వరం దక్కుతుంది. కాబట్టి సాహిత్యం కింద మాత్రల సంఖ్య రాసుకుని, వేళ్ల మీద లెక్కపెడుతూ, రాగం లేకుండా మూడు రోజులు చదవండి. నాలుగో రోజున రాగం కలిపితే అతకడానికి పెద్ద శ్రమ ఉండదు. కొత్త తరం పాటల్లో ఒకే స్వరంలో రెండు మూడు మాత్రలు ఇరికించే అలవాటు ఉంది. అలాంటి చోట్లను గుర్తుపెట్టి విడిగా సాధన చేయాలి. మొదటి పాటకు 1881 నాటిదాన్ని సిఫారసు చేయడానికి ఒక కారణం ఇదే. 'హొతరు నొ హికరి' కి ఏడు మాత్రలు, 'మదొ నొ యుకి' కి ఐదు. చివరి పాదం దాకా ఈ ఏడు-ఐదు నడక చెదరదు.

రెండో కారణం రాగం. ఆ వరుసలో మధ్యమం, నిషాదం లేవు. స, రి, గ, ప, ద మాత్రమే ఉన్నాయి, అంటే మోహన రాగపు స్వరాలు. జపాను సంగీతంలో దీన్ని 'యొననుకి' అంటారు: నాలుగోదీ ఏడోదీ తీసివేసినది అని అర్థం. ఆ దేశపు జనాదరణ గీతాల్లో ఈ స్వరశ్రేణి లోతుగా పాతుకుపోయింది. హార్మోనియం మీద మోహనం ఆరోహణ అవరోహణలు రెండుసార్లు వాయించి, ఆ వెంటనే ఈ పాట ఎత్తుకుంటే పిల్లల గొంతు సునాయాసంగా దారిలో పడుతుంది. గమకాలు మాత్రం వేయకండి. స్వరాన్ని నిటారుగా నిలపాలి. మన అలవాటు కొద్దీ ఊపితే ఆ వరుస రూపే మారిపోతుంది.

వినే తీరు

మన సినిమా పాట పల్లవితో మొదలవుతుంది. అందరికీ గుర్తుండే భాగం ముందే వినిపిస్తుంది. జపాను పాటలో సాధారణంగా అది చివరికి వస్తుంది. మొదట వచ్చే భాగాన్ని 'ఎ మెరొ' అంటారు. అక్కడ రుతువు, చోటు, వస్తువు కనిపిస్తాయి: స్టేషను, యూనిఫారం, కిటికీ, మార్చి గాలి. తర్వాత 'బి మెరొ' లో మనసు కదులుతుంది. ఆ తర్వాతే 'సబి', అంటే మన పల్లవి స్థానంలో ఉండే శిఖరం. కొన్ని పాటలు సబితోనే మొదలవుతాయి కూడా. వినేటప్పుడు ఈ మూడు భాగాల మారుమలుపులను కాగితం మీద గీతలు గీసి గుర్తించండి. కీబోర్డు వాయించేవారు సబిలో ఒక కార్డుల (ఒకేసారి మోగించే స్వరాల గుంపుల) వరుసను ప్రత్యేకంగా గమనించాలి: సీ మేజర్ శ్రుతిలో ఎఫ్, జీ, ఈ మైనర్, ఏ మైనర్. వారు దాన్ని రాజమార్గం అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేటంతగా అది వాడుకలో ఉంది. సంతోషం వైపు వెళ్తున్నట్టే వెళ్లి దుఃఖంలో కాలు మోపే ఆ మలుపే ఈ పాటల్లో గొంతు పట్టేసే చోటు.

వస్తువులను కూడా తెలుసుకుని వినాలి. 1983లో కశివబర యొశిఎ పాడిన 'హరు న నొ ని' అనే నకజిమ మియుకి రచనలో అమ్మాయి అబ్బాయిని జ్ఞాపకంగా ఒక గుండీ అడుగుతుంది. అబ్బాయిల నల్లటి యూనిఫారం కోటుకు పైనుంచి రెండో గుండీ గుండెకు దగ్గరగా ఉంటుంది కనుక, వీడ్కోలు రోజున దాన్ని అడిగి పుచ్చుకోవడం అక్కడి ఆచారం. సకుర పూలు విడిపోవడానికి గుర్తుగా వస్తాయి. తోక్యోలో అవి నిండుగా పూసేసరికి సాధారణంగా వీడ్కోలు సభలు ముగిసిపోయి ఉంటాయి. అందుకే ఆ పాటల్లో పువ్వు చాలాసార్లు ఎదురుగా ఉన్నదానిగా కాక, రాబోయేదానిగానో, రాలిపోయినదానిగానో కనిపిస్తుంది.

అర్థం చేసుకోవడం

ఇక్కడ ఇంగ్లీషు మరింత అడ్డు తగులుతుంది. 'అశిత తొమొదచి తొ ఎకి ఎ ఇకు' అనే వాక్యం చూడండి. అశిత అంటే రేపు, తొమొదచి అంటే స్నేహితుడు, తొ అంటే మన తో ప్రత్యయమే, ఎకి అంటే స్టేషను, ఎ అంటే కు, ఇకు అంటే వెళ్లడం. మాటలను కదిలించకుండా ఉన్నచోటే అర్థాలు పెట్టుకుంటూ పోతే 'రేపు స్నేహితుడితో స్టేషనుకు వెళ్తాను' అనే చక్కటి తెలుగు వాక్యం వస్తుంది. ఇంగ్లీషులో పెడితే ఈ క్రమం తలకిందులవుతుంది. పాటలో క్రమం చాలా ముఖ్యం. క్రియ చివర రావడం వల్ల వెళ్తున్నారా, ఉండిపోతున్నారా అన్నది చివరి స్వరం దాకా దాగి ఉంటుంది. తెలుగులో అర్థం చేసుకున్నవారికి ఆ ఉత్కంఠ దక్కుతుంది.

అయితే పై అనువాదంలో 'వెళ్తాను' అన్నది నా నిర్ణయం. జపాను క్రియకు నేను, నువ్వు, ఆమె అనే తేడా లేదు. తెలుగు క్రియకు అది తప్పనిసరి, పైగా మూడో మనిషి అయితే వచ్చాడో వచ్చిందో కూడా తేల్చాలి. కాబట్టి పాటలో వెళ్లేదెవరు, నిలిచేదెవరు అని నేర్చుకునేవారంతా కూర్చుని చర్చించి తేల్చుకోవాలి. నా అనుభవంలో ఈ చర్చే పాటను పిల్లలకు అన్నిటికంటే దగ్గర చేస్తుంది. 'అనత', 'కిమి' రెండూ నువ్వే, కానీ కిమిలో చనువు ఎక్కువ. 'బొకు' మామూలుగా అబ్బాయిలు నేను అనడానికి వాడే మాట. పాటల్లో అమ్మాయిలు కూడా బొకు అని పాడతారు, దాన్ని తప్పుగా భావించకండి.

శ్లేష ఇష్టపడేవారికి పాత పాటలు పండుగ. 'హొతరు నొ హికరి' మొదటి చరణాన్నే తీసుకుందాం. మిణుగురుల వెలుగు, కిటికీ దగ్గరి మంచు అని మొదలవుతుంది. దీపానికి నూనె కొనలేక మిణుగురులను పోగు చేసుకుని ఒకరు, మంచు మీద పడిన వెలుగులో ఇంకొకరు చదువుకున్నారని చెప్పే చైనా కథలు దీని వెనుక ఉన్నాయి. వీధిదీపం కింద చదువుకున్న తాతల కథలు విన్న మనకు ఇది కొత్త కాదు. అదే చరణంలో 'సుగి' అన్న మాట గడిచిపోయిన ఏళ్లనూ చెబుతుంది, ఒక రకం దేవదారు చెక్క తలుపునూ చెబుతుంది. ఏళ్లు గడిచాయి అంటుండగానే ఆ మాట తలుపుగా మారుతుంది. వెంటనే వచ్చే 'అకెతె' తలుపు తెరవడమూ అవుతుంది, తెల్లవారడమూ అవుతుంది. ఆ తలుపు తెరుచుకునే ఈ ఉదయం విడిపోతున్నామని చరణం ముగుస్తుంది. అనువాదం ఎంత మంచిదైనా దీన్ని పట్టుకోలేదు. సభలో పాడే ముందు రెండు నిమిషాలు తీసుకుని ఈ శ్లేషను తెలుగులో వివరించండి. మన శ్రోతలు దాన్ని తప్పక ఆస్వాదిస్తారు.

తెలుగు చరణం కలపడం

కొందరు జపాను పాటను పూర్తిగా తెలుగులోకి మార్చి, సకుర ఉన్న చోట మల్లెపూలు పెడతారు. అది నాకు నచ్చదు. వారి పువ్వును వారి పాటలోనే ఉండనిచ్చి, అదే నడకలో మనదైన చరణం ఒకటి రాసి చివర కలపడం మేలు. కొత్త పాటలకు హక్కుదారులు ఉంటారు కనుక అనువాదాన్నో వీడియోనో ఇంటర్నెట్‌లో పెట్టాలంటే అనుమతి కావాలి. 1881 నాటి పాటకు ఆ ఇబ్బంది లేదు, మూడో కారణం ఇదే. ఏడు-ఐదు కొలతను తెలుగులో మూడు-నాలుగు-ఐదుగా విడగొట్టుకుంటే ముత్యాలసరం చదివిన చెవికి వెంటనే పట్టుబడుతుంది. నా విద్యార్థుల కోసం రాసిన చరణాన్ని మచ్చుకు ఇస్తున్నాను:

వేపపూతల దారిలో
అడుగులేమో ముందుకే
పోయివస్తానన్నదే
మాకు మిగిలిన మాటరా

ప్రతి పాదమూ పన్నెండు మాత్రలు. దీర్ఘం వచ్చిన చోట రెండు స్వరాలు దానికే ఇస్తే వరుస మీద కూర్చుంటుంది. మీ చరణంలో మీ ఊరి గుర్తులు రావాలి. కర్నూలు పిల్లలైతే తుంగభద్ర ఒడ్డు, కొండారెడ్డి బురుజు; కడప పిల్లలైతే స్టేషను రోడ్డు, పాలకొండల వరుస. అక్కడా ఇక్కడా విన్న పెద్ద పెద్ద మాటలు పేర్చడం కంటే రోజూ చూసిన ఒక్క వస్తువు చాలు.

వేదిక మీద

ఆరుగురి నుంచి పన్నెండు మంది వరకు గొంతులుంటే బృందగానం నిండుగా ఉంటుంది. కనీసం మూడు వారాల సాధన పెట్టుకోండి. పరీక్షలు దగ్గర పడతాయి కనుక రోజుకు అరగంటకు మించవద్దు. ఆధునిక పాట ఎంచుకున్నవారు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. చాలా పాటల్లో చివరి సబికి వచ్చేసరికి శ్రుతి అరమెట్టో మెట్టో పైకి లేస్తుంది. పాట మధ్యలో శ్రుతి మారడం మన శాస్త్రీయ సంగీతంలో లేదు కనుక పిల్లలు అక్కడ తడబడతారు. చివరి సబిని ముందుగా పాడించి, అక్కడ గొంతు ఇబ్బంది పడని శ్రుతిని నిర్ణయించి, దాన్నుంచి వెనక్కి లెక్కవేసి మొదటి శ్రుతిని పెట్టండి. వాద్యాలు ఎక్కువ అక్కరలేదు. పియానో ధ్వని పెట్టిన కీబోర్డు ఒకటి చాలు. మొదటి చరణం దానితోనే నడిపి, తాళవాద్యం కావాలంటే రెండో చరణంలో చేర్చండి.

ముగింపును సయోనరతో చేయాలని అందరూ అనుకుంటారు. ఆ మాట పుట్టుకలో 'అలాగైతే' అని అర్థం. ఇక అంతే కదా అన్న ధ్వని అందులో ఉంది, దాన్ని చాలా కాలం కలవరని తెలిసినప్పుడు వాడతారు. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు వారు రోజూ చెప్పే మాట వేరు: 'ఇత్తె కిమసు'. ఇత్తె అంటే వెళ్లి, కిమసు అంటే వస్తాను. గడప దాటేటప్పుడు పోతానని అనకూడదని మన పెద్దలు నేర్పిన 'పోయొస్తా' ను అక్షరాలా ఆ భాషలోకి మారిస్తే వచ్చే మాట ఇదే. దానికి ఇంట్లోవారు చెప్పే జవాబు 'ఇత్తెరశ్శై', అంటే వెళ్లి రండి. మా పిల్లలతో రెండోసారి సభ చేసినప్పుడు పాట ముగియగానే సీనియర్లందరూ కలిసి ఇత్తె కిమసు అన్నారు. దాని అర్థం ముందే విని ఉన్న జూనియర్లు, వెనుక వరుసల్లో కూర్చున్న అమ్మానాన్నలు, వరండాలో నిలబడి చూస్తున్న ఆఫీసు సిబ్బంది ఒక్కసారిగా "పోయిరాండి" అన్నారు. మీరు సభ చేసేటప్పుడు ఆ జవాబుకు సరిపడా సమయం వదిలి, ఆ తర్వాతే మైకు ఆపండి.